చెవి దారి

"ఆ కణాలకి చెవి దారి ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది రూబీ.

బల్లకి అవతల కూర్చున్న సారిక చేతిలో పెన్ను ఆగింది. రాజమండ్రిలో ఒక హోటలు మొదటి అంతస్తు హాలు అది. ఎవరిదో పుట్టినరోజుకి కట్టిన రంగు కాగితాల తోరణం ఒక మూల ఇంకా వేలాడుతోంది. దాని పక్కనే నిలువెత్తు బ్యానరు. బ్యానరు మీద పెద్ద చెవి, చెవిలోంచి పచ్చటి మొలక. స్టెమ్ సెల్ క్లినిక్ వాళ్లు ఆ శనివారం అక్కడ శిబిరం పెట్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఒక వరుసలో, షుగరువాళ్లు ఇంకో వరుసలో కూర్చున్నారు. చెవిలో మోత ఉన్నవాళ్ల వరుస అన్నిటికన్నా చిన్నది. ఆ వరుసలో అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు.

"అర్థం కాలేదు మేడమ్" అంది సారిక.

"పొట్ట దగ్గర కొవ్వు తీస్తామన్నారు. దాన్ని మిషన్లో తిప్పి కణాలు వేరు చేసి, చేతి నరంలోకి ఎక్కిస్తామన్నారు. చేతి నరంలోంచి రక్తం ముందు గుండెకి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి. అక్కడి సన్న రక్తనాళాల్లో ఇరుక్కుపోకుండా ఇవి లోపలి చెవి దాకా ఎలా వెళ్తాయి? అదీ నా ఎడమ చెవికే వెళ్లాలని వాటికి ఎవరు చెబుతారు?"

రూబీ తప్పు పట్టడానికి అడగలేదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే ఆ రోజంతా ఆమెకి హుషారుగా ఉంటుంది. ఇప్పుడు కూడా ముందుకి వంగి, సారిక ముందున్న రంగుల బొమ్మలో గుండె నుంచి చెవికి గీసిన ఎర్ర బాణం వెంట వేలు పెట్టి చూస్తోంది.

"హోమింగ్ అంటారు మేడమ్. దెబ్బ తిన్న చోటు నుంచి సిగ్నల్ వస్తుంది. సెల్స్ ఆ సిగ్నల్‌ని పట్టుకుని వెళ్లిపోతాయి."

"మరి నా చెవి దెబ్బ తినలేదుగా. వినికిడి నార్మల్‌గా ఉందని చెవి డాక్టరు రిపోర్టు ఇచ్చాడు. మోత ఒక్కటే ఉంది."

బల్ల కింద ఆరోన్ ఆమె మోకాలి మీద మెల్లిగా తట్టాడు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా అతను. ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఎవరు అడిగినా, ముందుగా ఇబ్బంది పడేది అతనే.

"మీరు ఒకసారి ఈ వీడియో చూడండి సార్" అంటూ సారిక టాబ్‌ని అతని వైపు తిప్పింది. పొద్దుట్నుంచీ మాట్లాడి మాట్లాడి ఆ అమ్మాయి గొంతు బొంగురుపోయింది.

వీడియో మొదట్లో ఒక ఇంజను పడవ. చుక్కాని పట్టుకుని ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి. వెనక నది నడుమ గుట్ట, గుట్ట మీద గుడి. తర్వాత అదే మనిషి ఆస్పత్రి మంచం మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి చెబుతున్నాడు. "చెవుల్లో హోరు నిద్ర పోనిచ్చేది కాదండి. ఇప్పుడు నిమ్మళంగా ఉందండి. అందరూ చేయించుకోండి."

"ఈయన నంబరు ఇస్తారా? ఒకసారి మాట్లాడతాను."

"పేషెంట్ల వివరాలు బయటికి ఇవ్వకూడదు మేడమ్."

"మొహం చూపించొచ్చా?"

సారికకి నవ్వు వచ్చింది. వెంటనే ఆపుకుంది. ఈలోగా ఆరోన్ జేబులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "వచ్చే వారం తేదీ ఉంటే మా పేరు రాసుకోండమ్మా. పీఎఫ్‌లో అడ్వాన్సుకి పెట్టాను, వచ్చేస్తుంది."

రూబీ అతని వైపు చూసింది. పీఎఫ్ సంగతి ఆమెకి అప్పటిదాకా తెలియదు.

స్కూటరు మీద ఇంటికి బయల్దేరారు. కోటిపల్లి బస్టాండు దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు ఆరోన్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నీకు కాలు విరిగితే కట్టు కట్టించేవాణ్ణి. జ్వరం వస్తే పక్కన కూర్చునేవాణ్ణి. దీనికి నేనేం చెయ్యాలి రూబీ? ఎక్కడుందో కూడా నాకు కనపడదు. ఇదొక్కటే దొరికింది."

వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోగించింది. ఆ చప్పుడుకి ఎడమ చెవిలోది ఒక్క క్షణం అణిగి, బస్సు దాటిపోగానే మళ్లీ తన చోటికి వచ్చింది.

ఆదివారం చర్చిలో రూబీ పాటల బృందంలో, కింది స్వరం ఆల్టో పాడేవాళ్ల మధ్య నిలబడింది. పాట ఉన్నంతసేపూ ఆమెకి ఏ బాధా లేదు. పక్కనున్న గొంతులు, కీబోర్డు, వెనక బెంచీల్లో పసిపిల్లల ఏడుపు, ఇన్నిటి కింద మోత ఎక్కడో ఉంటుంది. ఆమెకి కష్టంగా ఉండేది పాస్టరుగారు "మౌనంగా ప్రార్థించుకుందాం" అన్నప్పుడే. అందరూ తలలు వంచుతారు. ఫ్యాన్లు కూడా మెల్లిగా తిరుగుతున్నట్టు ఉంటుంది. అప్పుడు ఎడమ చెవిలో సన్నటి ఉక్కు తీగ లాంటి ఆ శబ్దం ఒక్కటే గుడంతా నిండిపోతుంది. ఇంతమందిలో ఇది నాకొక్కదానికే ఎందుకు వినపడాలి అనుకునేది మొదట్లో. ఈ మధ్య వేరే ఆలోచన వస్తోంది. తలలు వంచుకున్న వీళ్లందరిలో ఇంకెంతమందికి ఉందో, చెప్పకుండా ఎంతమంది ఉన్నారో.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ప్రకటనలు చదివారు. చివర్లో కళ్లజోడు సవరించుకుని, "మన సహోదరి రూబీగారికి కొత్త రకం వైద్యం చేయించబోతున్నారు. శాస్త్రజ్ఞులకి ఈ జ్ఞానం ఇచ్చిన ప్రభువుకి స్తోత్రం. అందరం ఆమె కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం" అన్నారు.

మగవాళ్ల వైపు బెంచీలో ఆరోన్ తల దించుకుని ఉన్నాడు.

బయటికి వచ్చేసరికి ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకావిడ ఆమె చెవి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. ఇంకొకావిడ, మా తోడికోడలికి కూడా ఉంది, నీకు తగ్గితే చెప్పు, తీసుకెళ్తాను అంది. రూబీ అందరికీ తలూపింది. చేయించుకోనని ఇంకా అనుకోలేదు. చేయించుకుంటాననీ అనుకోలేదు. కానీ ఇప్పుడు చేయించుకోనంటే వీళ్లందరికీ సమాధానం చెప్పుకోవాలి.

మధ్యాహ్నం భోజనంలో ఆరోన్ ఆమె పళ్లెంలో కోడికూర వేస్తూ, "పాస్టరుగారికి ఊరికే చెప్పానంతే. గుడిలో చదువుతారనుకోలేదు" అన్నాడు.

రూబీ ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని సంగతి తెలుసా మీకు? కోడికి లోపలి చెవిలో కణాలు చచ్చిపోయినా మళ్లీ మొలుస్తాయట. కొన్నాళ్లకి మామూలుగా వింటుందట. చేపలకీ అంతే. మనుషులకి మాత్రం ఒకసారి పోతే పోయినట్టే."

"అంటే కోడికున్న అదృష్టం మనకి లేదన్నమాట."

"అందుకే ఎక్కడెక్కడో లాబుల్లో తంటాలు పడుతున్నారు, మనిషికి కూడా మొలిపించాలని. ఏదో ఒకరోజు చేస్తారు కూడా. నాకు నమ్మకం ఉంది." ఆమె ఆగి నీళ్లు తాగింది. "ఆ రోజు వచ్చిందా, ఇంకా రాలేదా అన్నదే నాకు తెలియాలి. మంగళవారం సెలవు పెడతాను. పట్టిసీమ వెళ్లొస్తాను."

"గుడికా?" అని అడిగాడు ఆరోన్ ఆశ్చర్యంగా.

"పడవకి. వీడియోలో ఉన్నది పట్టిసీమ గుట్టేగా."

ఆరోన్ చాలాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాడు. "ఆయనకి తగ్గిందంటే చేయించుకుంటావా?"

"తగ్గిందంటే చేయించుకుంటాను" అంది రూబీ. ఆ మాట నిజంగానే అంది.

కొవ్వూరులో బస్సు మారి పట్టిసీమ చేరేసరికి ఎండెక్కింది. కార్తీకం ఇంకా రాలేదు, అందులోనూ మంగళవారం. రేవులో జనం లేరు. గట్టు మీద కొబ్బరికాయల కొట్లు సగం మూసి ఉన్నాయి. ఎత్తిపోతల పంపులు ఆపి ఉన్నట్టున్నాయి, అటు నుంచి ఏ చప్పుడూ లేదు. నిండుగా పారుతున్న గోదావరి నడుమ గుట్ట, వీడియోలో ఉన్నట్టే ఉంది.

తెరిచి ఉన్న ఒక కొట్టులో ఒకామె కొబ్బరికాయల పీచు ఒలుస్తోంది. కాయని నేల మీద నిలబెట్టి, పీచుని గుప్పెటతో పట్టి ఒక్క గుంజు గుంజి, పిలక మాత్రం ఉంచి పక్కకి దొర్లిస్తోంది. రూబీ ఫోను తీసి, సారిక వాట్సాప్‌లో పంపిన వీడియో చూపించింది.

"ఈయన మా ఆయనేనండి!" అని అరిచింది ఆమె.

రూబీ ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. పక్క కొట్టులో నిద్రపోతున్న కుక్క మాత్రం కదల్లేదు.

"ఏమనుకోకండి" అంది ఆమె అంతే గట్టిగా. "నాకు చెవుడు లేదండి. ఆయనకండి. ఆయనతో అరిచి అరిచి నాకిదే అలవాటైపోయింది. సుబ్బాయమ్మంటారండి నన్ను. ఆయన పడవ దగ్గరున్నాడు, రండి."

వీరాస్వామి పడవలో అడుగున చేరిన నీళ్లు డబ్బాతో తోడిపోస్తున్నాడు. అదే ఖాకీ చొక్కా. సుబ్బాయమ్మ గట్టు మీంచి మూడుసార్లు పిలిస్తే గానీ తలెత్తలేదు. వీడియో చూసి వచ్చారని చెప్పగానే అతని మొహం విప్పారింది. గబగబా చేతులు తుడుచుకుని ఎక్కండెక్కండి అన్నాడు. గుడికి వెళ్లే భార్యాభర్తలు ఇద్దరు, వాళ్ల చంటిబిడ్డ, రూబీ, అంతే జనం. అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చి, ఒక్కొక్కరి బకిలీ తనే లాగి చూశాడు. రూబీ జాకెట్టు వదులుగా ఉందని ఇంకోటి తెచ్చాడు. హేండిలు వేసి తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

ఆ చప్పుడు రూబీ పళ్లలోకి దిగింది. ఇనప రేకు, చెక్క, నీళ్లు, అన్నీ కలిసి మోగుతున్నాయి. ఎడమ చెవిలో ఉక్కు తీగ ఎక్కడుందో వెతికి చూసుకుంది. లేదు. పూర్తిగా లేదు. ఎన్ని నెలలైందో ఇలా లేకుండా ఉండి. ఆమె కళ్లు మూసుకుని, ఆ గోలలో నిద్రొచ్చేంత సుఖంగా కూర్చుంది.

గుట్ట దగ్గర ఆ కుటుంబం దిగిపోయింది. "మీరు దర్శనానికి వెళ్లరాండీ?" అని అడిగాడు వీరాస్వామి.

"లేదండి. మీతో మాట్లాడదామనే వచ్చాను."

"ఏంటండీ?"

ఆమె దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పింది. అతను తలూపి పడవని వెనక్కి తిప్పాడు. నది మధ్యకి వచ్చాక ఇంజను ఆపేశాడు. పడవ ప్రవాహంతో పాటు మెల్లిగా జారుతోంది. ఒడ్డున ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు దూరం నుంచి, చెయ్యి కిందికి దిగాక ఆలస్యంగా వస్తోంది. ఆ వెనకే ఉక్కు తీగ వచ్చేసింది.

"ఇదిగోండి. ఇప్పుడు మొదలైంది" అన్నాడు వీరాస్వామి తన రెండు చెవులూ చూపించి.

రూబీ అతని దగ్గరికి జరిగి గొంతు పెంచింది. "ఏం మొదలైంది?"

"హోరండి. ఇంజను నడుస్తున్నంతసేపూ తెలీదండి. ఇది ఆపేస్తానా, లోపలిది అందుకుంటుంది."

"మీకు తగ్గిందన్నారుగా. వీడియోలో."

అతను చుక్కాని కర్ర మీద తడి చేత్తో రాస్తూ, తప్పు చేసినవాడిలా కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "సూది తీశాక అరగంటకి ఫోను పట్టుకొచ్చారండి. ఎలా ఉంది వీరాస్వామీ అన్నారు. బాగుందన్నానండి. బాగానే ఉందండి మరి! ఏసీ గది, మెత్తటి మంచం, నర్సమ్మలు చుట్టూ ఉన్నారు. పడవ లేదు, ఎండ లేదు. తర్వాత ఇంటికొస్తే మామూలేనండి. ఫోను చేస్తే, ఒక్కసారికి చాలదు, మళ్లీ ఎక్కించాలన్నారు. నా దగ్గరేముందండి? మొదటిదానికే మా గేదెల్ని అమ్మేశామండి. అప్పుడు ఆ సారిక మేడమ్‌గారే చెప్పారు, నీ వీడియో చూసి ఎవరన్నా చేరితే రెండోది ఊరికే ఎక్కిస్తారని." అతను కొంచెం ముందుకి జరిగాడు. "మీరు అక్కడ నా పేరు చెప్పండమ్మగారూ. వీరాస్వామి పంపేడని చెప్పండి. మర్చిపోకండే."

రూబీ అతని మొహంలోకి చూసింది. ఈ మనిషి ఒక్క మాట చెబితే చాలనుకుని ఇంత దూరం వచ్చింది. ఈ మనిషేమో తను చేరితే చాలని చూస్తున్నాడు.

"ఇంకోసారి ఎక్కిస్తే తగ్గుద్దంటారా?" అని అడిగాడు అతను. "మీరు చదువుకున్నవారు. మీరే చెప్పాలి."

ఆమె అతన్ని అడగాలనుకున్న ప్రశ్న అదే. పడవ పక్కగా ఒక అరటి బోదె నీళ్లలో తేలుతూ పోతోంది. అది దాటేదాకా చూసింది.

"నాకూ తెలీదండి. తగ్గుతుందని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. నేను చదివినంతవరకూ." తర్వాత, తనకి తెలియకుండానే అడిగింది. "మీకు ఎలా వినపడుతుంది? చెప్పగలరా?"

అలా ఎవరూ అతన్ని అడిగినట్టు లేదు. ఆలోచించాడు. "లారీ టైరులోంచి గాలి పోతుంటే ఉంటుంది చూడండి, అలాగండి. ఆగకుండా. ఒక్కోసారి అందులోనే ఇంజను కొట్టుకున్నట్టు కూడా ఉంటుందండి. మీకు?"

"సన్నగా. కత్తికి సాన పట్టేటప్పుడు చివర్న వస్తుందే, అలా."

"అమ్మో. సన్నదైతే మరీ కష్టమండి" అన్నాడు వీరాస్వామి మనస్ఫూర్తిగా. "నాది లావుది. నయం."

రూబీకి నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. పడవ జారుతుంటే ఇద్దరూ ఎవరి మోత వాళ్లు విన్నారు.

"మీ చెవులు పరీక్ష చేశారా వాళ్లు? అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమంటారు, అలాంటిది?"

"లేదండి. రక్తం తీశారు. ఫోటో తీశారు. పొట్టలో కొవ్వు తీశారు." అతను లేచి ఇంజను హేండిలు అందుకున్నాడు. "చెవిలోకి మాత్రం ఎవరూ చూళ్లేదండి."

ఆ సాయంత్రం ఇవన్నీ విని ఆరోన్ మంచం అంచున కూర్చుండిపోయాడు. అతనికి కోపం వచ్చిందని రూబీకి తెలుస్తోంది. క్లినిక్ మీదో, తన మీదో తెలియడం లేదు.

"అయితే ఏమీ చెయ్యొద్దంటావు" అన్నాడు చివరికి.

"అలా అనలేదు."

"ఇంకేముంది చెయ్యడానికి? అలవాటు చేసుకోమన్నాడు ఆ చెవి డాక్టరు. నువ్వు చేసుకుంటావు. నేను చూస్తూ కూర్చుంటాను."

మర్నాడు స్కూల్లో మధ్యాహ్నం బెల్లు కొట్టాక సారిక ఫోను చేసింది. సార్ అడిగిన తేదీ ఖాయమైంది, ముందు రోజు ఏం తినాలో చెబుతాను రాసుకోండి మేడమ్ అంది. రూబీ స్టాఫ్ రూములోంచి బయటికి వచ్చి వరండా చివర నిలబడింది.

"ఒక్కటి చెప్పమ్మా. ఇది వైద్యమా, ప్రయోగమా?"

"అడ్వాన్స్‌డ్ ట్రీట్‌మెంట్ మేడమ్."

"వైద్యమైతే ఎంతమందికి చేశారు, ఎంతమందికి తగ్గింది, అది చూపించండి. ప్రయోగమైతే ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేసి ఉండాలి. నేను వెతికాను, మీ పేరు లేదు. పైగా ప్రయోగం చేస్తే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఈ రెండిట్లో మీది ఏది? నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత సారిక మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టు అంది. "మా అమ్మకి కూడా మోకాలికి ఇదే చేయించాను మేడమ్."

"తగ్గిందా?"

"మేడమ్... ఈ కాల్ రికార్డ్ అవుతుంది."

"సరేనమ్మా" అంది రూబీ. "మా పేరు తీసెయ్యి. మీ అమ్మగారిని ఎముకల డాక్టరుకి చూపించు."

ఫోను పెట్టేసి వరండా స్తంభానికి ఆనుకుంది. వద్దన్నది క్లినిక్‌ని కాదు, ఎక్కడో మిగిలిన ఆశని. అది వదిలేటప్పుడు ఇంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. క్లాసులోకి వెళ్లేముందు ఇంకో నంబరు వెతికింది. రాజమండ్రిలోనే ఒక ఈఎన్‌టీ ఆస్పత్రిలో శ్రీదుర్గ అని ఆడియాలజిస్టు ఉందని, చెవిలో మోతకి విడిగా పరీక్ష చేస్తుందని తోటి టీచరొకామె ఎప్పుడో చెప్పింది. అప్పట్లో పట్టించుకోలేదు. ఇప్పుడు ఫోను చేసి, తనకీ వీరాస్వామికీ కలిపి సమయం అడిగింది.

రూబీ కబురు చేస్తే శుక్రవారం వీరాస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సుబ్బాయమ్మ గుళ్లోకి వచ్చినట్టు తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది. ఆరోన్ ఆఫీసులో పర్మిషన్ పెట్టి బస్టాండు నుంచి వాళ్లని ఆటోలో తీసుకొచ్చాడు. దారిలో అతనూ సుబ్బాయమ్మా ఏం మాట్లాడుకున్నారో గానీ ఆటో దిగేటప్పటికి అతను కూడా అరిచి మాట్లాడుతున్నాడు.

శ్రీదుర్గ ముందు వీరాస్వామి చెవుల్లోకి లైటు వేసి చూసింది. తర్వాత మందపాటి తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెట్టింది. అద్దంలోంచి అందరూ చూస్తున్నారు. చేతిలో మీట పట్టుకుని అతను నదిలో పడవ కోసం చూసినట్టు ముందుకి చూస్తున్నాడు. చాలాసేపు నొక్కలేదు. సుబ్బాయమ్మ ఇవతల, "నొక్కు, నొక్కు" అంటూ తన బొటనవేలు నొక్కుకుంటోంది. ఒక్కోసారి నొక్కి, ఏమీ మోగలేదని శ్రీదుర్గ తల అడ్డంగా ఊపితే సిగ్గుపడుతున్నాడు.

"ఇంజను పక్కన ఏళ్ల తరబడి పనిచేశారుగా, సన్నటి శబ్దాలు అందే శక్తి బాగా పోయింది" అంది శ్రీదుర్గ బయటికి తీసుకొచ్చాక. "బయటి శబ్దం అందనప్పుడు మెదడు లోపలి వాల్యూము తనే పెంచుకుంటుంది, రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు మనం పెంచినట్టు. అప్పుడు వచ్చే గుర్రుమనే చప్పుడే మీరు వినే హోరు. ఒకసారి ఇవి పెట్టి చూద్దాం."

చెవుల వెనక రెండు చిన్న మిషన్లు అమర్చి, కంప్యూటరులో ఏవో గీతలు కదిపింది. వీరాస్వామి బిగుసుకుని కూర్చున్నాడు. గోడ మీద ఏసీ వైపు చూశాడు. తన చొక్కా జేబుని వేళ్లతో రుద్ది ఆ చప్పుడు విన్నాడు.

"ఏంటయ్యా! వినపడుతోందా!" అని అడిగింది సుబ్బాయమ్మ.

అతను రెండు చేతులూ చెవుల మీదికి ఎత్తాడు. "ఎందుకే అలా అరుస్తావు?"

గదిలో అందరూ నవ్వారు. సుబ్బాయమ్మ కూడా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి ఏదో అనబోయింది. మాట రాలేదు. మళ్లీ నోరు తెరిచి, మూసుకుంది. అంత చిన్నగా అతనితో మాట్లాడి ఎన్నాళ్లైందో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. చివరికి, కొత్తగా పరిచయమైన మనిషితో అన్నట్టు, "బస్సులో ఏమన్నా తిన్నావా?" అంది.

"తిన్నాను" అన్నాడు వీరాస్వామి అంతే మెల్లిగా. అతను తిన్నది ఆమె కట్టి తెచ్చిన పులిహోరే.

"హోరు ఉందా అండీ?" అని అడిగింది రూబీ.

అతను తల ఒక పక్కకి వంచాడు. "ఉందండి. ఉంది గానీ... దాని పని అది చేసుకుంటోందండి."

ఆ మిషన్లు నెల రోజులు వాడి చూడమని ఇచ్చి, తర్వాత వాటిని ప్రభుత్వం ద్వారా తెచ్చుకునే దారి చూద్దామంది శ్రీదుర్గ. ఆ తర్వాత రూబీని పిలిచింది.

మందపాటి తలుపు మూసుకోగానే మోత నాలుగు గోడల మధ్యా నిండింది. శ్రీదుర్గ గొంతు కుడిచెవిలో వినిపించింది. "మీ ఎడమ చెవిలో వినపడేదాన్ని ఇప్పుడు మనిద్దరం వెతుకుదామండి. నేను ఒక్కో శబ్దం ఇస్తాను. అది మీదేనా, కాదా చెప్పండి."

"ఇంకా పైన" అంది రూబీ మొదటిదానికి. "ఇంకా. కాదు, ఇది ఈల. నాది ఇంత గుండ్రంగా ఉండదు." ఆమె కుర్చీ అంచుకి జరిగింది. ఇంతకాలం తను పారిపోతూ వచ్చినదాని వైపు మొదటిసారి చెవి పెట్టి, దాని అంచులు తడుముతోంది. "కొంచెం కిందికి. దగ్గరికొచ్చారు. ఇప్పుడు చప్పుడు తగ్గించండి. ఇంకా తగ్గించండి. ఇంకొంచెం..."

ఆగింది. బయటి శబ్దం ఏదో, లోపలిదేదో తెలియలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ విన్నది. రెండూ ఒకటే.

"ఇదే" అంది.

అద్దం అవతల శ్రీదుర్గ తలూపి ఏదో రాసుకుంది. ఆమె పక్కనే ఆరోన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రూబీ హెడ్‌ఫోను తీసి, లేచి తలుపు తోసింది.

"ఏవండీ, ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి."

"నేనా? నాకెందుకు?"

"రండి."

అతను కుర్చీలో కూర్చున్నాడు. ఆమే హెడ్‌ఫోను పెట్టి, కుడి చెవి మీద సరిగా ఆనిందో లేదో చూసి బయటికి వచ్చి తలుపు మూసింది. శ్రీదుర్గ ఆ శబ్దాన్ని అలాగే ఉంచి, మైకు కూడా అతనికి వినపడేలా పెట్టింది. ఆరోన్ మొదట అయోమయంగా చూశాడు. తర్వాత కళ్లు చిట్లించాడు.

"ఇంతేనా?" అన్నాడు. స్పీకరులోంచి వచ్చిన ఆ గొంతులో హమ్మయ్య అన్నట్టు ఉంది. "చాలా చిన్నదేగా. నేను ఇంకా ఏదో అనుకున్నాను."

రూబీ అద్దానికి దగ్గరగా జరిగింది. శ్రీదుర్గ ఆమె మొహం చూసి మీట వైపు చెయ్యి చాపింది. "ఆపకండి" అంది రూబీ.

"చాలామందికి ఇంతే ఉంటుందండి, కొలిస్తే" అంది శ్రీదుర్గ మైకులో. "ఇక మేడమ్‌కి ఏం చెయ్యొచ్చో చెబుతాను, మీరూ వినండి. పూర్తిగా నిశ్శబ్దంలో ఉండకూడదు. ఇంట్లో నీళ్ల చప్పుడు లాంటిది ఏదో ఒకటి సన్నగా ఉంచుకోవాలి. దీని మీద భయం తగ్గించడానికి ఒక పద్ధతి ఉంది, వారానికోసారి వచ్చి కూర్చోవాలి. పోతుందని చెప్పను. దీనితో బతకడం తేలికవుతుందని మాత్రం చెప్పగలను..."

ఆరోన్ తలూపుతున్నాడు. కొంచెంసేపటికి తలూపడం మానేశాడు. అద్దంలోంచి శ్రీదుర్గ పెదాల వైపే చూస్తున్నాడు.

"ఏమన్నారు? మళ్లీ చెప్పండి" అన్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది. అతను వినడానికి ముందుకి వంగాడు. చెయ్యి చెవి దగ్గరికి వెళ్లి, దోమని తోలినట్టు కదిలి, హెడ్‌ఫోనుకి తగిలి ఆగిపోయింది. గది పైకప్పు చూశాడు. గోడలు చూశాడు. చివరికి రూబీని చూశాడు.

"ఇది ఆగదా?" అని అడిగాడు.

రూబీ అద్దం ఇవతల తల అడ్డంగా ఊపింది.

శ్రీదుర్గ చెయ్యి మళ్లీ మీట మీదికి వెళ్లింది. ఆరోన్ అది చూసి వద్దన్నట్టు అరచెయ్యి ఎత్తాడు.

"ఇంకాసేపు ఉండనివ్వండి" అన్నాడు.